ట్రాక్షన్ కంట్రోలూ, స్టెబిలిటీ కంట్రోలూ ఒకటేననే మహానుభావులకి...

కారు కొనే ముందు మన సాఫ్ట్‌వేరు జనం తయారుచేసే ఎక్సెల్ షీటు మీరు చూసే ఉంటారు. మీరే చేసి కూడా ఉంటారు :-) అడ్డంగా కార్ల పేర్లు, నిలువుగా ఫీచర్లు. సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, వెనక సీటు వాళ్ళకి ఏసీ వస్తుందా, ఐదేళ్ళ తర్వాత అమ్మితే ఎంతొస్తుంది... ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. మా టీములో ఒకాయన పివట్ టేబుల్ కూడా వేశాడు. అందులో ఎక్కడో కింద ఓ మూల "ట్రాక్షన్/స్టెబిలిటీ కంట్రోల్" అని ఒకటే గడి ఉంటుంది. అందులో "ఉంది" అని రాసి ఆకుపచ్చ రంగు పూసేస్తారు.

నా గొడవంతా ఆ రెండు మాటల మధ్యనున్న అడ్డగీత గురించే.

హీపుకీ స్టాకుకీ తేడా చెప్పలేదని ఇంటర్వ్యూలో కుర్రాణ్ణి ఇంటికి పంపించేస్తాం. టీసీపీ ఏది, యూడీపీ ఏది అని అడిగితే అరగంట ఉపన్యాసం ఇస్తాం. పెళ్ళాం బిడ్డల్ని కూర్చోబెట్టుకుని తోలే బండి దగ్గరకొచ్చేసరికి మాత్రం, పని వేరూ, సెన్సర్లు వేరూ అయిన రెండు వ్యవస్థల్ని ఒక గడిలో పడేసి చేతులు దులిపేసుకుంటాం. పైగా ఎవరైనా అడిగితే "అదంతా స్పోర్ట్స్ కార్ల గోల, మనకెందుకండీ" అని ఓ సమాధానం. నేను విజయనగరం వైపు ఓ కాలేజీలో మెకానికల్ చదివి, క్యాంపస్‌లో సాఫ్ట్‌వేరుకి అమ్ముడుపోయి, ఆరేళ్ళుగా జావా రాసుకుంటున్న జీవిని. ఆ నాలుగేళ్ళ చదువు ఈ ఒక్క టపాకైనా పనికొస్తుందేమో చూద్దాం.

ముందు ట్రాక్షన్ కంట్రోల్ సంగతి. దానికి తెలిసిన లోకం చాలా చిన్నది. నాలుగు చక్రాల దగ్గరా వేగం కొలిచే సెన్సర్లుంటాయి. అవి ఏబీఎస్ కోసం పెట్టినవే, ఇది వాటిని అరువు తెచ్చుకుంటుంది. ఇంజను తిప్పుతున్న చక్రం మిగతా వాటికంటే గబగబా తిరిగిపోతుంటే, అది రోడ్డుని పట్టుకోకుండా ఉత్తినే తిరుగుతోందన్నమాట. వెంటనే ఇంజను బలం తగ్గిస్తుంది, అవసరమైతే ఆ చక్రానికి చిన్నగా బ్రేకు వేస్తుంది. అంతే. బండి ఎటు పోతోందో దానికి తెలీదు. మీరు స్టీరింగు ఎటు తిప్పారో తెలీదు. అన్నిటికంటే ముఖ్యమైనది, మీ కాలు యాక్సిలరేటర్ మీద లేకపోతే దానికి దాదాపు పనే లేదు.

స్టెబిలిటీ కంట్రోల్ అడిగే ప్రశ్నే వేరు. "డ్రైవరు ఎటు వెళ్ళాలనుకుంటున్నాడు? బండి ఎటు వెళ్తోంది?" దీనికి స్టీరింగు ఎంత తిరిగిందో చెప్పే సెన్సరు కావాలి. బండి తన చుట్టూ తను ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే యా రేట్ సెన్సరు కావాలి. పక్కకి ఎంత బలంగా లాగుతోందో చెప్పేది ఇంకోటి కావాలి. వేగమూ, స్టీరింగు కోణమూ చూసి "బండి ఇంత తిరగాలి" అని లెక్కేస్తుంది. నిజంగా తిరిగినదానితో పోలుస్తుంది. బాష్ కంపెనీ వాళ్ళ లెక్క ప్రకారం సెకనుకి 25 సార్లు. తేడా వస్తే ఏదో ఒక్క చక్రానికి తనంతట తనే బ్రేకు వేస్తుంది. మీ కాలు బ్రేకు మీద ఉండక్కర్లేదు, యాక్సిలరేటర్ మీదా ఉండక్కర్లేదు. బండి వెనక భాగం బయటికి తన్నుకుపోతుంటే మలుపుకి బయటివైపున్న ముందు చక్రాన్ని పడుతుంది. ముందు భాగం తిరగకుండా తిన్నగా పోతుంటే లోపలివైపు వెనక చక్రాన్ని పడుతుంది. మనిషికి నాలుగు బ్రేకు పెడళ్ళు, నాలుగు కాళ్ళు ఉన్నా చెయ్యలేని పని ఇది.

స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కారులో సాధారణంగా ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉంటుంది. తిరగేసి చెప్తే మాత్రం చెల్లదు. ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కాబట్టి స్టెబిలిటీ కంట్రోల్ ఉన్నట్టే అనుకోవడం, లాగిన్ పేజీ ఉంది కాబట్టి సెక్యూరిటీ ఉన్నట్టే అనుకోవడం లాంటిది.

ఇప్పుడు మా ఊళ్ళ రోడ్ల మీదికి రండి. శ్రీకాకుళం, విజయనగరం పల్లె రోడ్ల మీద కోతల కాలంలో బండి తోలినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చోడి, ఉలవలు, మినుములు రోడ్డు మీద పరిచేస్తారు, వచ్చే పోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేసిపెడతాయని. ఒక పక్క ధాన్యం ఆరబోసి, అటు ఎవరూ రాకుండా వరసగా రాళ్ళు పేరుస్తారు. రాజాం, చీపురుపల్లి వైపు గోగునార తీసే రోజుల్లో గోగు కట్టలు రోడ్డు వారనే. ఎడమ చక్రాలు గడ్డి మీద, కుడి చక్రాలు తారు మీద. జర్మనీలో కార్ల కంపెనీలు ఒక పక్క నున్నటి పలకలూ, ఇంకో పక్క మామూలు రోడ్డూ వేసి, లక్షలు పోసి ఇలాంటి టెస్ట్ ట్రాక్ కట్టుకుంటాయి. మాకు ప్రతీ ఏడూ సంక్రాంతికి ముందు ఉచితంగా దొరుకుతుంది.

ఆ రోడ్డు మీద బండి ఆపి మళ్ళీ కదిలించేటప్పుడు గడ్డి మీదున్న చక్రం గిర్రున తిరిగితే, దాన్ని పట్టుకునేది ట్రాక్షన్ కంట్రోల్. మంచిదే, కాదనను. కానీ గడ్డి మీద చక్రం తిరిగిపోవడం వల్ల చచ్చిపోయినవాడు ఎవడూ లేడు. మహా అయితే దిగి తోస్తారు. అరవైలో వెళ్తూ ఎదురొచ్చిన బైకుని తప్పించడానికి స్టీరింగు అటూ ఇటూ తిప్పితే జరిగేదే అసలు సంగతి.

నాలుగేళ్ళ క్రితం మా బావకి సరిగ్గా అదే జరిగింది. షోరూములో (పేరెందుకులెండి) సేల్స్ కుర్రాణ్ణి "ఈఎస్‌పీ ఉన్న వేరియంట్ ఇదేనా?" అని అడిగాడట. "ఇందులో ట్రాక్షన్ కంట్రోల్ ఉంది సార్, రెండూ ఒకటే, కంపెనీని బట్టి పేరు మారుద్ది అంతే" అన్నాడట ఆ కుర్రాడు. పైన మిగిలిన డబ్బులతో సీట్ కవర్లూ, పెద్ద స్పీకర్లూ వేయించారు. ఆ డిసెంబర్లో చీపురుపల్లి నుంచి రాజాం వెళ్తుంటే, గోగు కట్టల్ని తప్పించుకుంటూ ఓ బైకు ఎదురొచ్చింది. బావ కాలు తీసి, ఎడమకి కోసి, మళ్ళీ కుడికి కోశాడు. వెనక భాగం తిరిగిపోయి కారు వరి మడిలో పడింది. వెనక కూర్చున్న అత్తకి చెయ్యి విరిగింది. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేదు. ఆ క్షణంలో ట్రాక్షన్ కంట్రోల్ ఏం చేస్తోందంటారా? ఏమీ లేదు. యాక్సిలరేటర్ మీద కాలే లేనప్పుడు దానికి పనేముంది? స్టెబిలిటీ కంట్రోల్ ఉండుంటే తప్పకుండా ఆగేది అని నేను ఒట్టేసి చెప్పను. కానీ దాన్ని కనిపెట్టిందే అలాంటి క్షణం కోసం. ఆ క్షణానికి అది బండిలో లేదు, బ్రోషరు చదివిన మాటలు మాత్రం ఉన్నాయి.

సరే, "అదంతా స్పోర్ట్స్ కార్ల గోల" అన్నారు కదా. స్పోర్ట్స్ కార్ల దగ్గరికే వెళ్దాం. ఎందుకంటే ఈ రెండూ వేర్వేరని అందరికంటే బాగా తెలిసింది వాళ్ళకే.

మెర్సిడెస్ ఏఎంజీ జీటీ ఆర్ అని 2016లో ఒక కారు చూపించారు. దాని డాష్‌బోర్డు మధ్యలో పసుప్పచ్చ గుండ్రటి మీట ఒకటుంది. తొమ్మిది మెట్లు. అది ట్రాక్షన్ కంట్రోల్ ఎంత కావాలో ఎంచుకునే మీట. తమాషా ఏంటంటే, ఈఎస్‌పీని పూర్తిగా ఆపేశాకే అది పనిచేస్తుంది. అయ్యా, రెండూ ఒకటే అయితే, ఒకదాన్ని ఆపేశాక రెండోది తొమ్మిది మెట్లలో ఎలా పనిచేస్తోంది? బీఎండబ్ల్యూ వాళ్ళ కొత్త ఎం3, ఎం4లలో అలాంటివే పది మెట్లు.

ఫెరారీ వాళ్ళు 2004లో ఎఫ్430తో స్టీరింగు మీదే ఒక చిన్న ఎర్ర మీట పెట్టారు, మానెట్టీనో అంటారు. ఒక్కో మెట్టూ తిప్పేకొద్దీ కంప్యూటరు పట్టు సడలిస్తుంది, ఆఖరి మెట్టులో మొత్తం వదిలేస్తుంది. 2013లో 458 స్పెచాలెకి వచ్చేసరికి ఇంకో అడుగు వేసి, బండి ఎంత కోణంలో పక్కకి జారుతోందో లెక్కగట్టి, ఆ మాత్రం జారనిచ్చే పద్ధతి తెచ్చారు. అంటే రేసు ట్రాక్ మీద ట్రాక్షన్ కంట్రోల్ పని, మలుపులోంచి ఎంత బలంతో బయటికి రావచ్చో చూడటం. ల్యాపు టైము కోసం అన్నమాట. స్టెబిలిటీ కంట్రోల్ పని, ఎంతవరకు జారనివ్వచ్చో గీత గియ్యడం. మొదటిది త్వరగా వెళ్ళడానికి, రెండోది ఇంటికి వెళ్ళడానికి.

ఫార్ములా వన్ చూసేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2001 స్పానిష్ గ్రాండ్ ప్రి నుంచి ట్రాక్షన్ కంట్రోల్‌ని మళ్ళీ అనుమతించి, 2008లో తీసేశారు. అదే 1998 సీజను మొదట్లో, మెక్‌లారెన్ వాళ్ళు ఒక్క వైపు వెనక చక్రానికే బ్రేకు వేసేలా పెట్టుకున్న రెండో బ్రేకు పెడల్‌ని పోటీ టీములు గోల చేసి నిషేధింపజేశాయి. వేసేది డ్రైవరు కాలే అనుకోండి. అయినా, ఒక్క చక్రాన్ని పట్టుకుని బండిని తిప్పడం ఎంత గొప్ప ఆయుధమో వాళ్ళకి తెలుసు. మన షోరూము కుర్రాడికే తెలీదు.

తేడా తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి స్పోర్ట్స్ కార్ల చరిత్రలోనే రక్తం ఉంది. ఆడి టీటీ మొదటి తరం 1998లో వచ్చింది. చూడ్డానికి బొమ్మలా ఉండేది. జర్మనీ ఆటోబాన్ల మీద మంచి వేగంలో గబుక్కున లేను మారితే వెనక భాగం తిరిగిపోయి మనుషులు పోయారు. 1999 చివర్లో కంపెనీ ఆ కార్లని వెనక్కి పిలిచి, సస్పెన్షన్ మార్చి, వెనక చిన్న స్పాయిలరూ, ఈఎస్‌పీ పెట్టింది. గమనించండి, ఇంజను బలం ఎక్కువై చక్రాలు తిరిగిపోయిన సమస్య కాదది. బండి దారి తప్పే సమస్య.

పోర్షా కరేరా జీటీ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. వీ10 ఇంజను, 600 పైచిలుకు హార్స్ పవరు. ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. అదే కంపెనీ మామూలు 911లలో పెడుతున్న పీఎస్ఎం ఇందులో పెట్టలేదు, నికార్సయిన డ్రైవర్ల కారు అని. "ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్" పాల్ వాకర్ 2013 నవంబర్ 30న కాలిఫోర్నియాలో చనిపోయింది ఆ కారులోనే, పక్క సీట్లో కూర్చుని. గంటకి 72 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట 130 నుంచి 150 వేగమనీ, టైర్లు తొమ్మిదేళ్ళ పాతవనీ పోలీసులు తేల్చారు. స్టెబిలిటీ కంట్రోల్ లేకపోవడం మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. నేను తీర్పు చెప్పేవాణ్ణి కాదు. వేగమూ టైర్లే అసలు కారణమని వాళ్ళన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఆ కారు ఎక్సెల్ షీటులో పెడితే మన గడి ఆకుపచ్చగానే ఉండేది!

"మన రోడ్ల మీద అంత వేగం ఎక్కడండీ, అరవై దాటితే గొప్ప" అంటారు కొందరు. ఈ వాదన విన్నప్పుడల్లా నాకు 1997 గుర్తొస్తుంది. ఆ అక్టోబర్లో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్ళు మెర్సిడెస్ ఏ-క్లాస్ అనే చిన్న కారుని, రోడ్డు మీదికి దుప్పి వస్తే తప్పించినట్టు అటూ ఇటూ కోసి చూశారు. బోల్తా పడింది. వేగం ఎంత? గంటకి 60 కిలోమీటర్ల చుట్టుపక్కల. మెర్సిడెస్ అంతటి కంపెనీ తల దించుకుని, ఆ చిన్న కారు అన్ని మోడళ్ళకీ ఈఎస్‌పీ ఉచితంగా పెట్టింది. అంతకు రెండేళ్ళ ముందే, 1995లో, తన ఖరీదైన కారుతో ఈఎస్‌పీని లోకానికి పరిచయం చేసింది కూడా అదే కంపెనీ. అంటే కోటీశ్వరుడి కారుకి పెట్టి, చిన్న కారుకి పెట్టకపోతే ఏమవుతుందో వాళ్ళకి ఒక దుప్పి నేర్పింది. మనకి దుప్పుల్లేవు, గేదెలున్నాయి. రణస్థలం దాటాక హైవే మీద డివైడరు ఖాళీలోంచి వెనకాముందూ చూడకుండా దూసుకొచ్చే మోపెడ్లున్నాయి.

నా మాట ఇదే: స్టెబిలిటీ కంట్రోల్ అవసరం స్పోర్ట్స్ కారుకంటే మా నాన్నగారి చిన్న కారుకే ఎక్కువ. స్పోర్ట్స్ కారు కింద వెడల్పాటి టైర్లుంటాయి, నేలకి ఆనుకుని ఉంటుంది. తోలేవాడు ట్రాక్ మీదైనా నేర్చుకుని ఉంటాడు (కొందరు!). మన బండి ఎత్తుగా, సన్నటి టైర్లతో, ఐదుగురితో, డిక్కీలో బియ్యం బస్తాతో, వానలో వెళ్తుంటుంది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పింది క్లచ్చు వదలడం ఒక్కటే.

మా మావయ్య సాలూరులో ముప్ఫై ఏళ్ళు లారీ తోలాడు. సాలూరంటేనే లారీలు, మీకు తెలుసు. పి.కోనవలస ఘాట్ గురించి ఆయన ఒక మాట అంటాడు. "ఎక్కినప్పుడు మనం బండిని తోల్తాం అల్లుడూ. దిగినప్పుడు బండి మనల్ని తోల్తాది." నేను ఇందాకటి నుంచీ చెప్తున్నదంతా అందులో ఉంది. సాలూరు నుంచి సుంకి వైపు వానలో ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్ దగ్గర లోపలి చక్రం జారితే ట్రాక్షన్ కంట్రోల్ పనికొస్తుంది. తిరిగి దిగేటప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద ఉండదు. అప్పుడు ఏబీఎస్సూ, స్టెబిలిటీ కంట్రోలూ తప్ప మిమ్మల్ని పట్టించుకునేవాడు లేడు. ఎస్.కోట నుంచి అరకు ఎక్కి దిగే వీకెండ్ బాబులకీ ఇదే వర్తిస్తుంది.

అమెరికా 2012 మోడళ్ళ నుంచి ప్రతీ కొత్త కారుకీ దీన్ని తప్పనిసరి చేసింది. వైపర్ లాంటి మొండి స్పోర్ట్స్ కారు కూడా ఆ చట్టం దెబ్బకి 2013 మోడల్లో దారికొచ్చింది. యూరప్ 2014 నవంబర్ నుంచి. ఇంకెవరినీ గుద్దకుండా తనంతట తనే అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు సగం తగ్గుతాయని అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీల పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ లెక్క. ట్రాక్షన్ కంట్రోల్‌కి అలాంటి లెక్క చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మన దగ్గర కార్లకి ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. 2023 అక్టోబర్లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు చుక్కలూ, ఆ పైన రావాలంటే స్టెబిలిటీ కంట్రోల్ ఉండాలి. ఆ పుణ్యమా అని ఇప్పుడు చాలా చిన్న కార్లలోనూ వస్తోంది, సంతోషం. కానీ మన బంధువులు కొనేది సగం పాత కార్లు. 2015 నుంచి 2022 మధ్యవి. "టాప్ మోడలేనండీ" అని అంటగట్టేవి.

ఇది సర్వరోగ నివారిణి అని నేననడం లేదు. 2012 నవంబర్ 2న ఎర్రన్నాయుడు గారి కారు రణస్థలం దగ్గర దండానపేటలో ట్యాంకరుని ఢీకొని ఆయన పోయారు. శ్రీకాకుళం జిల్లాలో ఆ రోజు మర్చిపోయినవాళ్ళు లేరు. అలా రాత్రిపూట ఎదురుగా పెద్ద బండి అడ్డొస్తే ఆపేది స్టెబిలిటీ కంట్రోల్ కాదు, దానికి వేరే మందులున్నాయి. అరిగిన టైర్లతో, సీటు బెల్టు లేకుండా, నూట నలభైలో వెళ్ళేవాణ్ణి ఏ కంప్యూటరూ కాపాడదు. టైరుకి రోడ్డు మీద ఎంత పట్టుందో అంతలోనే ఇది పనిచేస్తుంది, కొత్త పట్టుని పుట్టించదు.

ఈ గందరగోళంలో కంపెనీల పాపం కూడా ఉంది. ఒకే వస్తువుకి ఒకాయన ఈఎస్‌పీ అంటాడు, ఒకాయన ఈఎస్‌సీ. టొయోటా వీఎస్‌సీ, హోండా వీఎస్ఏ, నిస్సాన్ వీడీసీ, బీఎండబ్ల్యూ డీఎస్‌సీ, పోర్షా పీఎస్ఎం. ఒకే ఏపీఐకి పది పేర్లు పెట్టి డాక్యుమెంటేషన్ ఇవ్వనట్టు. దీనికి తోడు కొన్ని బ్రోషర్లలో "కార్నర్ స్టెబిలిటీ కంట్రోల్" అని కనిపిస్తుంది. స్టెబిలిటీ అన్న మాట చూసి మురిసిపోకండి. అది ఏబీఎస్‌కి చిన్న తోక. మలుపులో మీరు బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే కాస్త సర్దుతుంది. తొక్కకపోతే నిద్రపోతుంది.

ఇక ఆఫ్ బటను వీరులు. ఆదివారం పొద్దున్న హైదరాబాద్ ఔటర్ మీదికొచ్చి "ఈఎస్‌పీ ఆపితేగానీ మజా రాదు బాసూ" అనే బ్యాచ్ ఒకటుంది. ఫెరారీ వాడు మెట్లు మెట్లుగా అన్నేళ్ళు లెక్కలు కట్టి సడలించిన పట్టుని వీళ్ళు డీజిలు ఎస్‌యూవీలో ఒక్క నొక్కుతో తీసేస్తారు. ఆ బటను అక్కడ పెట్టిన అసలు కారణం బురద. బురదలోనో ఇసకలోనో కూరుకుపోతే చక్రం కొంచెం తిరిగితేనే బయటపడుతుంది, ట్రాక్షన్ కంట్రోల్ దాన్ని తిరగనివ్వదు, కాబట్టి ఆ కాసేపు ఆపాలి. చాలా బండ్లలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే స్టెబిలిటీ కంట్రోల్ కూడా పోతుంది. కళింగపట్నం ఇసకలోంచి బయటపడ్డాక మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోయి హైవే ఎక్కేసేవాళ్ళున్నారు. ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే దానంతటదే ఆన్ అవుతుంది, అదొక్కటే అదృష్టం.

పాత కారు చూడ్డానికి వెళ్తే ఒక పని చెయ్యండి. అమ్మేవాణ్ణి అడక్కండి. తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చెయ్యకుండా డయల్ మీద దీపాలు చూడండి. కారు బొమ్మ వెనక రెండు వంకర గీతలతో ఒక పసుపు దీపం వెలిగి, ఇంజను స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అది బండిలో లేదేమో, లేదా ఎవడో బల్బు పీకేశాడేమో. వెలిగి ఆరకపోతే అందులో ఏదో లోపం ఉన్నట్టు. కొన్నిట్లో ట్రాక్షన్ కంట్రోల్‌కీ అదే బొమ్మ వాడతారు, కాబట్టి దీపం చూసి ఆగిపోకుండా, ఆ వేరియంట్ మాన్యువల్‌లో యా రేట్ సెన్సరు మాట ఉందో లేదో కూడా వెతకండి. "ఏదో లైటులెండి సార్, అందరి బండ్లలోనూ వెలుగుద్ది" అంటే, వేరే బండి చూసుకోండి.